ఎల్లవ్వ ఏరిన హ్యాండిల్

మొదటి లాక్‌డౌన్ సడలి, బట్ట నేసే సాంచాలు మళ్లీ ఆడడం మొదలైన రోజులవి. షేర్ ఆటోలు ఇంకా సరిగ్గా తిరగడం లేదు. బతుకుదెరువుకు వలస వచ్చి డిండోలిలో ఉండే లింగమూర్తి కామ్‌రేజ్ దగ్గరి కార్ఖానాకు పోవడానికి పాత సైకిల్ ఒకటి కొన్నాడు. కుర్రకారు తొక్కే రకం. హ్యాండిల్ కర్రలా తిన్నగా, కిందికి ఉంటుంది. పోను గంటన్నర, రాను గంటన్నర.

పదిహేను రోజులు తిరిగేసరికి కుడి చేతి చిటికెన వేలూ దాని పక్క వేలూ మొద్దుబారసాగాయి. పోగు తెగితే కొసను ఆ రెండు వేళ్లతో బిగబట్టి ముడి వేయడం అతనికి ఇరవై ఏళ్ల అలవాటు. ఇప్పుడు పోగు జారిపోయినా వేళ్లకు తెలియడం లేదు. పని పోతుందేమోనని భయపడి ఎవరికీ చెప్పలేదు.

ఇంట్లో మాత్రం దాగలేదు. చీరల అంచున దారాలు కత్తిరిస్తూ కూర్చున్న భార్య ఎల్లవ్వ తల ఎత్తకుండానే అడిగింది.

"ఏందయ్యా, చెయ్యి గట్ల ఇదిలిస్తున్నవ్?"

"ఏం లేదు. వయసు మీద పడ్డది."

"వయసైతే ఐతారం నాడెందుకు రాదు? సైకిల్ తొక్కిన నాడే తిమ్మిరొస్తుంది నీకు."

తన చెయ్యే అయినా లింగమూర్తికి ఆ సంగతి తట్టలేదు.

ఎల్లవ్వ సైకిల్‌ను గోడకు ఆనించి, అతన్ని ఎక్కించి, చుట్టూ తిరిగి చూసింది. ఒంటి బరువంతా అరచేతుల మీదే ఉంది, మణికట్లు వంగి ఉన్నాయి. తర్వాత రెండు చేతులకూ నీళ్ల బకెట్లిచ్చి నడవమంది.

"సూడు, అరచేతులు ఒకదానికొకటి ఎదురెదురుగున్నయ్. సైకిల్ మీద మాత్రం నేల దిక్కు తిప్పి పెడుతున్నవ్. అవి ఎంతసేపని ఓర్సుకుంటయ్?"

ఆదివారం ఇద్దరూ మొండయ్య సైకిల్ షాపుకు పోయారు. మొండయ్య కూడా వాళ్లలాగే వలస వచ్చినవాడే, జగిత్యాల వైపు ఊరు.

"మెత్తటి గ్రిప్పులేస్త వదినా, సరిపోతది," అన్నాడు.

"మెత్తగైతే మణికట్టు వంగుడు ఆగదు కద తమ్మీ. హ్యాండిలే మార్చు."

మొదట ఎత్తుగా ఉన్న హ్యాండిల్ బిగించాడు. నడుము నిటారుగా నిలిచింది గానీ మణికట్లు అలాగే ఉన్నాయి. రెండోది బాగా వంపు తిరిగినది. మలుపులో మోకాలికి కొట్టుకుంది. లింగమూర్తి ఇక చాలన్నాడు. ఎల్లవ్వ వినలేదు. మూలన పడి ఉన్న ఇనుప సామానులోంచి, పాలవాడి సైకిల్ నుంచి ఊడదీసిన హ్యాండిల్ ఒకటి తానే లాగింది. దాని కొసలు మనిషి వైపు మెల్లగా తిరిగి ఉన్నాయి. రెండు వేళ్ల మందం పైకి లేపించి, జర వంచి బిగించమంది.

లింగమూర్తి చేతులు పెట్టగానే మోచేతులు వాటంతటవే సడలాయి. గల్లీ చివరి దాకా పోయి వచ్చాడు.

"ఇదే," అన్నాడు.

తిమ్మిరి ఒక్కరోజులో పోలేదు. మూడు వారాలు పట్టింది. అతని చేతిలో పోగు జారడం మానేసిందని గమనించి, ఒకరోజు పక్క సాంచా నడిపే పరుశురాం అడిగాడు.

"ఏ డాక్టర్ దగ్గర సూపిచ్చినవే అన్నా? నా చేతులు గూడ గట్లనే ఉన్నయ్."

"డాక్టర్ కాదు, మా ఎల్లవ్వ," అన్నాడు లింగమూర్తి. మాస్కు చాటున అతని నవ్వు ఎవరికీ కనబడలేదు.

మరుసటి ఆదివారం పరుశురాం సైకిల్ తెచ్చాడు. ఎల్లవ్వ కత్తెర పక్కన పెట్టి లేచింది. ఆమె చూసినంతసేపూ లింగమూర్తి సైకిల్ పడకుండా సీటు పట్టుకుని నిలబడి, ఆమె ప్రతి మాటా శ్రద్ధగా విన్నాడు.