ఊదుగొట్టం

దిష్టి తీసిన మిరపకాయలు నిప్పులో పడ్డప్పుడు ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టూ, వస్తే తగలనట్టూ పల్నాడులో ఇంటింటా నమ్ముతారు. మండే మంట ఆ ఘాటును కాల్చేస్తుందనీ, ఆరిపోతున్న నిప్పులు దాన్ని గాలిలోకి వదులుతాయనీ పేరమ్మకు చిన్ననాడే తెలుసు. తల్లి పున్నమ్మ చెప్పలేదు; ఆ వంటింట్లో చూసి నేర్చుకుంది.

తండ్రి కొట్టిన ప్రతిసారీ పున్నమ్మ మూతినెత్తురు తుడుచుకుని, పొయ్యిలో పత్తికట్టె ఎగదోసి, ఊదుగొట్టంతో మంట లేపి, అతని చుట్టూ తిప్పిన కాయలు అందులో వేసేది. ఘాటు వచ్చేది కాదు.

"చూశావా, ఎవడి కన్నో పడింది. నా తప్పేముంది?" అనేవాడు తండ్రి. కొన్నాళ్లు ఇల్లు నెమ్మదించేది.

ఒక ముసురు రోజున కట్టె తడిసింది. ఎంత ఊదినా మంట లేవలేదు. కాయలు వేయగానే ఇంటిల్లిపాదీ దగ్గారు.

"అయితే దిష్టి కాదన్నమాట. ఇన్నాళ్లూ నన్ను వెర్రివాణ్ణి చేశావా?" అంటూ అతడు ఆ ఇనుపగొట్టంతోనే కొట్టాడు, అది వంగేదాకా. పున్నమ్మ జారిపడి చచ్చిపోయిందని ఊరికి చెప్పారు.

ఆ వంపు ఇప్పటికీ అలాగే ఉంది. ఇల్లరికం వచ్చిన అంకమ్మరావు ఇన్నేళ్లూ భార్య పేరమ్మను చేతులతోనే కొట్టాడు. ఈరోజు పొద్దున, కూరలో ఉప్పెక్కువైందని, మొదటిసారి గొట్టం అందుకున్నాడు.

కోల్డ్ స్టోరేజీ ముందు మిరపకాయల తొడిమలు తీస్తుంటే, పక్కన కూర్చున్న షమీమ్ ఆమె దవడ చూసింది.

"ఏం పేరమ్మక్కా, మీ ఆయన దిష్టి మళ్లీ నీ మొహానే దిగిందా?"

"ఈసారి గొట్టంతో దిగింది."

షమీమ్ నవ్వు ఆపేసింది. "ఈ పూట మా ఇంటికొచ్చి పడుకో."

"ఇల్లు నాదే."

సాయంత్రం అంకమ్మరావు కిటికీ లేని ఆ వంటింట్లో పీట మీద కూర్చున్నాడు. యార్డులో మిరప బస్తాలు మోసీ మోసీ అతనికి ఉబ్బసం పట్టింది. మాట మధ్యలో పిల్లికూతలు.

"దిష్టి తియ్యవే. పొద్దున నా చెయ్యి నా మాట వినలేదు."

పేరమ్మ గుప్పెడు కాయలు అతని చుట్టూ తిప్పింది. పొయ్యిలో పత్తికట్టె కాలిపోయి నిప్పులు మిగిలాయి. ఊదుగొట్టాన్ని గోడకు చేర్చింది. గుప్పిట్లోవి నిప్పుల మీద వేసి, చేటలో ఉన్నవీ కుమ్మరించింది. బయటికి వచ్చి, తలుపు లాగి గొళ్లెం పెట్టింది.

లోపల దగ్గు మొదలైంది. తలుపు మీద పిడికిళ్లు, ఆ తర్వాత గోళ్లు. పేరమ్మ అరుగు మీద కూర్చుని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. చప్పుడు ఆగాక కూడా కాసేపు అలాగే కూర్చుంది.

గొళ్లెం ఆమే తీసింది. అంకమ్మరావు గడప లోపల బోర్లా పడి ఉన్నాడు, ఊపిరి లేదు. ఘాటు వీధి దాకా వచ్చింది. వంగిన ఊదుగొట్టం పొయ్యి పక్కన, ఆమె గోడకు చేర్చినచోటే ఉంది.