తుడవకూడని నీళ్లు

మ్యూజియంలో గాజు పెట్టెల మీద పిల్లల ముక్కులు ఆనిన మరకలు తుడుస్తున్నాడు హన్మంతు. సంకెళ్లున్న పెట్టె దగ్గర ఆ మరకలు మరీ ఎక్కువ. లోపలున్న ఇనప కడియాల్లో ఒక జత చిన్నపిల్లల చేతులకు సరిపోయేది. ఎంత అల్లరి పిల్లలైనా అక్కడికి రాగానే గాజుకు ముక్కు ఆనించి నిలబడిపోతారు. హన్మంతు మాత్రం లోపలికి చూడడు, గాజును చూస్తాడు. పనిలో చేరిన కొత్తలో ఒక్కసారి చూశాడు. ఆ మధ్యాహ్నం తెచ్చుకున్న అన్నం ముట్టకుండా ఇంటికి పట్టుకుపోయాడు. అప్పటినుంచి గాజు వరకే తన పని అని సర్దిచెప్పుకున్నాడు.

మనిషి పొట్టి. యాభై దాటాయి. మ్యూజియం వాళ్లిచ్చిన నీలం చొక్కా భుజాల మీదనుంచి జారుతూ ఉంటుంది. జగిత్యాల కాలేజీలో ల్యాబ్ అటెండరుగా పరీక్షనాళికలు కడిగీ కడిగీ గరుకెక్కిన వేళ్లు ఈ చలిదేశంలో పగుళ్లు తేలాయి. భార్య లక్ష్మీబాయికి బ్రిస్టల్ ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం దొరికితే వెంట వచ్చాడు. వీసా మీద అతని పేరు పక్కన ‘డిపెండెంట్’ అని అచ్చు వేశారు. తెలిసినవాళ్లు దాని మీద మేలమాడితే తనూ నవ్వేశాడు. అతనికి కోపం రావడమే తక్కువ. వచ్చినా ఎదుటివాళ్లకు తెలిసేది కాదు. మంచివాడని అందరూ అనేవారు గానీ, అందులో సగం భయమేనని అతనికి తెలుసు.

ఈ ఇల్లు ఒకప్పుడు ఓ చక్కెర వర్తకుడిది. కరీబియన్ దీవుల్లో బానిసలు చెరకు నరికి, రసం కాచి, ప్రాణాలు పోగొట్టుకుంటే ఇక్కడ మేడ లేచింది. ఇప్పుడు దాన్ని మ్యూజియం చేశారు. కింద పీపాలు దొర్లించిన రాతి గది ఉంది. ఆగస్టు ఇరవై మూడు, బానిస వ్యాపారాన్ని తలుచుకునే రోజు, ఏటా ఆ గదిలో సభ పెడతారు. ఈ రెండు వేల పదిహేడులో అది బుధవారం వచ్చింది. హన్మంతు పొద్దున్నే అక్కడ కుర్చీలు వేశాడు. వేస్తున్నంతసేపూ ముందు వరుస వైపు చూడలేకపోయాడు.

ఆ ముందు వరుస ఎదుట నిలబడి ఏటా నీళ్లు వదిలేది డెల్రాయ్. ఈ మ్యూజియం తెరిచిన నాటినుంచీ గదుల కాపలా అతనిదే. ఆరడుగుల మనిషి, నెరిసిన గడ్డం, మోకాళ్ల నొప్పి. ఏడేళ్ల వయసులో తల్లి పాస్‌పోర్టు మీద జమైకానుంచి వచ్చి, ఇక్కడే బడికి పోయి, ఇక్కడే పెళ్లాడి, ఇక్కడే భార్యను పోగొట్టుకున్నాడు. రాతి నేల మీద కొంచెం కొంచెంగా నీళ్లు వదులుతూ తల్లి పేరు, అమ్మమ్మ పేరు, తనకు తెలిసినంతవరకు పూర్వీకుల పేర్లు పిలిచేవాడు. పేరుపేరుకూ సభ బదులు పలికేది. చివర, పేర్లయినా మిగలని వాళ్ల కోసం ఇంకో ధార వదిలేవాడు.

హన్మంతు చేరిన మొదటి ఏడాది ఆ సభ ముగియగానే మాపు పట్టుకుని పరుగెత్తాడు. నేల తడిగా ఉంటే ఎవరైనా జారిపడతారని, మాట తనకొస్తుందని అతని బెంగ. డెల్రాయ్ మాపు కర్ర పట్టుకుని ఆపాడు. ఈ నీళ్లు తుడవకూడదనీ, వాటంతటవే ఆరాలనీ చెప్పి, ఎవరూ తొక్కకుండా ఆ తడి పక్కనే నిలబడ్డాడు. హన్మంతు కూడా నిలబడ్డాడు. మా దగ్గర కూడా పెద్దలకు నీళ్లు వదులుతారని వచ్చీరాని ఇంగ్లిషులో చెప్పాడు. అలా కలిసింది వాళ్లిద్దరికీ. నల్లవాళ్లతో జాగ్రత్తగా ఉండమని ఆదివారం పూజల్లో చెప్పిన మనవాళ్లు చాలామందే ఉన్నారు. చలికాలంలో లోపల ఏం తొడుక్కోవాలో, పగిలిన చేతులకు ఏం రాసుకోవాలో చెప్పింది మాత్రం డెల్రాయే. ఇక్కడ అందరికీ ‘హాన్’ అయిపోయిన మనిషిని హన్మంతు అని పూర్తిగా పిలిచేదీ అతనొక్కడే. హన్మంతు అతన్ని అన్నా అనేవాడు.

పోయినేడు జులైలో హన్మంతు తండ్రి రాజలింగం పోయాడు. పాస్‌పోర్టులు వీసా పొడిగింపు కోసం హోమ్ ఆఫీసులో ఉన్నాయి, కదలడానికి లేదు. పెద్దకొడుకైన తను ఫోనులో చూస్తుండగా తమ్ముడు చితికి నిప్పు పెట్టాడు. తర్వాతి నెల సభకు ముందు డెల్రాయ్ అతన్ని పక్కకు పిలిచి తండ్రి పేరు అడిగాడు. రెండుమూడుసార్లు పలికి చూసుకున్నాడు. తన వాళ్ల పేర్లన్నీ అయ్యాక, “రాజలింగం” అని పిలిచి నీళ్లు వదిలాడు. రాతి గదిలో ఉన్న ముక్కూమొహం తెలియనివాళ్లంతా, అది ఎవరి పేరో తెలియకపోయినా, బదులు పలికారు. తండ్రి పోయాక హన్మంతు మొదటిసారి ఏడ్చింది అప్పుడే, మాపుల గదిలో తలుపేసుకుని.

ఈ వేసవిలో సిబ్బందిని కొత్త కంపెనీకి అప్పగించారు. ఈ దేశంలో పనిచేసే హక్కుందని రుజువు చూపమంది ఆ కంపెనీ. హన్మంతు దగ్గర వీసా కార్డు ఉంది, చూపించాడు. డెల్రాయ్ దగ్గర ఏమీ లేదు. తల్లి పాస్‌పోర్టు ఎప్పుడో పోయింది, తనకంటూ ఒకటి తీసుకునే అవసరం ఎన్నడూ రాలేదు. ఆరు వారాల క్రితం పనిలోకి రావద్దన్నారు. అద్దె కట్టలేక రేపు బర్మింగ్‌హామ్‌లో చెల్లెలింటికి వెళ్లిపోతున్నాడు.

నిన్న సాయంత్రం ఫోన్ చేశాడు. పని ఇప్పించమని అడగలేదు. వెళ్లేలోగా ఈ ఒక్కసారి నీళ్లు వదలనిమ్మని హెలెన్‌కు చెప్పమన్నాడు. హెలెన్ మ్యూజియం మేనేజరు. కంపెనీ తీసేసిన మనిషిని ముందు నిలబెట్టడం కుదరదని అతనికి అప్పటికే చెప్పేసింది.

“నువ్వు ఎప్పుడూ ఏమీ అడగవు హన్మంతూ. అందుకే నువ్వడిగితే వింటుంది” అన్నాడు డెల్రాయ్.

చూస్తానన్నాడు హన్మంతు. పక్కనే ఉన్న లక్ష్మీబాయి అంతా విన్నది.

“పాపం, మంచోడే, నేను కాదంటలేను. గని మన కాయితాలు హోమ్ ఆఫీసుల ఉన్నయి. పక్కా స్టాంపు వడేదాంక ఎవ్వల దిక్కు మాట్లాడకు” అంది.

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. ఐదేళ్లుగా నైట్ డ్యూటీలు చేసి, ఇక్కడే ఉండిపోనిచ్చే ఆ స్టాంపు కోసం కాచుక్కూర్చున్న మనిషి ఆమె. హన్మంతు రాత్రంతా హెలెన్‌కు చెప్పాల్సిన మాట ఇంగ్లిషులో కూర్చుకున్నాడు. పొద్దున ఆమె రెండుసార్లు ఎదురైంది. రెండుసార్లూ గుడ్ మార్నింగ్ అన్నాడు.

పదకొండింటికి రాతి గది నిండింది. డెల్రాయ్ మామూలు సందర్శకుడిలా వచ్చి చివరి వరుసలో కూర్చున్నాడు. ఇస్త్రీ కోటు వేసుకున్నాడు. హన్మంతును చూసి కనుబొమలెగరేశాడు, అడిగావా అన్నట్టు. హన్మంతు కుర్చీ సర్దుతున్నట్టు వంగాడు.

అప్పుడే హెలెన్ స్టీలు జగ్గు పట్టుకుని అతని దగ్గరికొచ్చింది. మంచి మనిషే ఆమె, తెల్లమనిషైన తను ఆ పని చేయడం బాగుండదని తోచింది. మీలో కూడా పెద్దలకు నీళ్లు వదులుతారని డెల్రాయ్ చెప్పేవాడు కదా, ఈసారి నువ్వు వదలరాదా అని మెల్లగా అడిగింది. ఎంత మెల్లగా అడిగినా రాతి గదిలో మాట చివరిదాకా పోతుంది.

జగ్గు అందుకోవడమంటే అన్న చోట్లో నిలబడడం. అది తనవల్ల కాదు. డెల్రాయే వదలాలని చెప్పడానికి ఇంతకంటే మంచి అదను రాదు. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ హోమ్ ఆఫీసు, లక్ష్మీబాయి, స్టాంపు అన్నీ ఒక్కసారే అడ్డం పడ్డాయి. ఏదో ఒకటి చెప్పి తప్పుకోవాలి.

“మా నాన్న బతికే ఉన్నాడు మేడమ్. తండ్రి బతికుండగా కొడుకు నీళ్లు వదలడం మాలో లేదు” అన్నాడు.

ఆచారం నిజమే. మిగిలినదే అబద్ధం. హెలెన్ వెంటనే క్షమించమంది, తెలియక అడిగానంది. ముందు వరుసలో ఒకరిద్దరు అతని ఆచారాన్ని గౌరవిస్తున్నట్టు తలలూపారు. హన్మంతు చివరి వరుస వైపు చూడలేదు.

నీళ్లు హెలెనే వదిలింది. అలాంటి బానిసత్వం మళ్లీ ఎన్నడూ రాకూడదని నిండు మనసుతోనే చెప్పింది. పేర్లేవీ పిలవలేదు, ఆమెకు తెలియవు. పేర్లు లేకపోయేసరికి ఎప్పుడు బదులు పలకాలో జనానికి తెలియలేదు. చివరకు చప్పట్లు కొట్టారు.

జనం కదిలాక డెల్రాయ్ మోకాలు పట్టుకుని లేచి వచ్చి హన్మంతు చేయి అందుకున్నాడు.

“మీ నాన్న బాగున్నాడని విన్నాను. సంతోషం” అన్నాడు.

అతని మొహంలో ఎగతాళి లేదు. తిట్టినా బాగుండేది. హన్మంతుకు నిలువునా సిగ్గేసింది. తన తండ్రికి ఈ గడ్డ మీద నీళ్లు వదిలిన ఒకే ఒక్క మనిషి ఎదుట తండ్రిని బతికించి, ఆ నీళ్లు కూడా కాదనేశాడు. డెల్రాయ్ చేయి వదిలి, ఇన్నేళ్లూ సిబ్బంది వాడే పక్క తలుపు వైపు తిరిగి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, ముందు గుమ్మంలోంచి వెళ్లిపోయాడు.

జనం వెళుతున్నారు, నేల ఆరిందా అని హెలెన్ పైనుంచి కేకేసింది. ఓ ముసలామె కర్ర ఊతంతో తడి వైపే వస్తోంది. హన్మంతు మాపు తెచ్చి తుడిచాడు. రాళ్ల సందుల్లో నిలిచిన తడి కూడా వంగి గుడ్డతో ఒత్తాడు.

తర్వాత చెత్త సంచి పట్టుకుని వీధిలోకి పోయాడు. నిజానికి చెత్త ఇంకా నిండలేదు. డెల్రాయ్ రోజూ బస్సెక్కే ఎదుటి బస్టాపులో ఎవరూ లేరు. వెనకనున్న పొట్టి గోడ మీద, మనిషి కూర్చుని లేచినంత మేర దుమ్ము చెదిరి ఉంది. పక్కన ఒక గాజు సీసా. చీటీ గీకేసిన పాత రమ్ము సీసా అది, మెడదాకా నీళ్లు. డెల్రాయ్ సభకు ఏనాడూ మ్యూజియం కుళాయి నీళ్లు వాడలేదు. ఈ సీసాలో ఇంటినుంచే తెచ్చేవాడు.

మరిచిపోయాడో, వదిలిపోయాడో తెలియదు. హన్మంతు చేయి చాచాడు. పై అంతస్తు కిటికీ దగ్గర హెలెన్ కనిపిస్తే చేయి వెనక్కి తీసుకున్నాడు. “నాయినా” అన్నాడు, తనకే వినిపించనంత మెల్లగా. ఇంకో బస్సు వచ్చి, ఎక్కేవాళ్లు లేక ఆగకుండానే పోయింది. అతను సంచి తీసుకుని లోపలికి నడిచాడు.

గోడ మీద సీసా మూత బిగించినది బిగించినట్టే, నిండుగా ఉంది.