ఐదు పాయలు

తలంటుకున్నాక జుట్టు ఆరడానికి మామూలు మనుషులకు ఎంతసేపు పడుతుందో నర్సింగమ్మ మరిచిపోయింది. ఆమె తల మంగళవారం పొద్దున తడిస్తే బుధవారం మధ్యాహ్నానికి గాని ఆరదు. పైకి ఎండినట్టే ఉంటుంది. పిడికిట్లో పట్టి పిండితే లోపలినుంచి కుంకుడు వాసనతో చుక్క రాలుతుంది. అందుకే వంటపని కాగానే పెరట్లో ఎండకు వీపు పెట్టి కూర్చుంటుంది. తడిమీద ఉన్నప్పుడే వేళ్లతో కుదుళ్లు తడుముకుంటుంది. జడలు కట్టిన ఆ తలలో పాయలు ఐదు. రెండు పాయల నడుమ కొత్తగా మొలిచిన వెంట్రుకలు ఎటు పాకుతున్నాయో చూసి, విడదీసి, దేని పాయకు దాన్ని చుట్టి పెడుతుంది. ఒక్క వారం వదిలేస్తే చాలు, పక్కపక్క పాయలు కుదుట్లోనే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఆ తర్వాత నడుమ వేలు దూరదు.

"ఎందుకే గట్ల గెలుకుతవు?" అంటుంది అత్త ఈదమ్మ. "కలవనీ. అన్నీ కలిసి ఒక్కటైతే అమ్మ నిండుగ గూసున్నట్టు."

భర్త ఎల్లస్వామి పోయినప్పుడు కట్టిన జడలు ఇవి. దినాలయ్యేదాకా దువ్వెన ముట్టొద్దన్నారు. అయ్యాక కూడా ఎవరూ దువ్వెన చేతికియ్యలేదు. నూనె అడిగితే, "మొగడు లేనిదానికి తలకు నూనెందుకు, ఎవలు చూడాలె?" అన్నది ఈ అత్తే. చిక్కులు ముద్దలయ్యాయి, ముద్దలు పాయలయ్యాయి. ఒకనాడు బావి దగ్గర పక్కింటి గోపమ్మ చూసి, "ఎల్లమ్మ తల్లి వచ్చి గూసున్నది" అన్నది. ఆ సాయంత్రమే నూనెకు నోచుకోని తలకు పసుపు వచ్చింది. ఇప్పుడు మంగళవారం వాడకట్టు ఆడవాళ్లు వచ్చి నర్సింగమ్మ కాళ్లు మొక్కుతారు, అందరికంటే ముందు అత్త మొక్కుతుంది. బుధవారం తెల్లారగానే, "కొట్టంల పెండ అట్లనే ఉన్నది, ఎవలు తీస్తరు?" అంటుంది. రెండు మాటలూ ఒకే నోటినుంచి వస్తాయి. నడుమ ఒక్క రాత్రే అడ్డం.

అమ్మ ఉన్నదో లేదో నర్సింగమ్మకు తెలియదు. ఆమె ఆరా అంతా జడల మీదే. ఇవి ఎందుకు లావెక్కుతాయి? దువ్వుకునే తలనుంచి రోజూ వెంట్రుకలు ఊడిపోతాయి, తన తలనుంచి మాత్రం ఏదీ పోదు. ఊడినవి కూడా పాయలోనే ఉండిపోతాయి. కొస పట్టుకుంటే ఎల్లస్వామి బతికున్ననాటి నల్లవి, కుదురు దగ్గర ఈ ఏటి నెరిసినవి. అన్ని ఏండ్లనూ మోస్తున్నాను గనకనే మెడ గుంజుతున్నదేమో అనుకుంటుంది. గొర్రెలు కాచే కురుమల ఇంట్లో పుట్టిన మనిషి, ఉన్ని వడకడం చేతిలో ఉన్న పని. దారం లావైతే వేళ్లనుంచి ఉన్ని తక్కువ వదలాలి. జడ కూడా అంతే, కుదుట్లో ఎంత వెంట్రుక ఇస్తే అంత లావు. ఈ సంగతి తట్టిన రోజు ఎవరికైనా చెప్పాలనిపించింది. ఎవరికని చెబుతుంది?

మరిది గాలయ్య మొన్న మర్యాదగానే అన్నాడు. "వదినె, జడ ఒక్కటైనంక నిన్ను గద్దెమీద కూసోబెడ్తం. ఇగ నువ్వు గడప దాటే పని లేదు. జనమే నీ తానకు వస్తరు."

ఆ మాట వినగానే ఆమెకు రామన్నపేట అంగడి కళ్లముందు మెదిలింది. గొంగళ్ల మూట తలకెత్తుకొని పోయేది ఆమే. పాయలు విడివిడిగా ఉంటేనే మూట కింద పెట్టుకునే చుట్టకుదురు చుట్టూ సర్దుకుంటాయి. అన్నీ కలిసి మొద్దులా నిలబడితే తలమీద మూట నిలవదు. మూట లేకపోతే అంగడి లేదు. మిల్లు రగ్గులు వచ్చాక గొంగళ్లకు అంత గిరాకీ లేదు గాని, అంగట్లో ఎవరూ ఆమె కాళ్లు మొక్కరు. "గింత బరుకున్నదేందమ్మా" అని బేరమాడతారు. ఆ బేరమే ఆమెకు ఇష్టం.

ఈమధ్య వెనక రెండు పాయలు ఎంత విడదీసినా మళ్లీ అతుక్కుంటున్నాయి. ఎందుకో అర్థం కాలేదు. ఒకనాడు కుదుట్లో గోరు పెట్టి గీకింది. గోటికింద ఎండిన పొలుసు వచ్చింది. వాసన చూసింది, నాలుకమీద పెట్టుకుంది. చింతగింజల గంజి. గొంగడి నేసేముందు ఉన్నిదారం బిర్రుగా నిలవాలని పట్టించే గంజి. ఇంట్లో దాన్ని కాచేది అత్త ఒక్కతే. శుక్రవారం పసుపు రాసేటప్పుడు అత్త వేళ్లు తలవెనక అంతసేపు ఎందుకుంటున్నాయో అప్పుడు తెలిసింది.

శుక్రవారం వచ్చింది. ఆ రోజే అంగడి కూడా. గోపమ్మ వచ్చి అరుగుమీద కూర్చుంది. అత్త పసుపు గిన్నెతో వెనక్కి వచ్చింది.

"అత్తా, పసుపుల గంజి కలిపినవా?"

అత్త చెయ్యి ఆగింది. "జరంత. గట్టిగ నిలవాలె గద బిడ్డా."

"అమ్మ తనంతల తనే కలుపుకుంటదంటివి?"

"కలుపుకుంటది. మనం గూడ జర సాయం జెయ్యాలె."

గోపమ్మకు నవ్వాగలేదు. "అమ్మకు గూడ గంజి కావాల్నా ఈదక్కా? గొంగడి నేస్తున్నవా ఏంది?"

నర్సింగమ్మ నవ్వలేదు. చెంబుతో వేడినీళ్లు తెచ్చుకొని వెనక రెండు పాయల కుదురు నానబెట్టింది. రెండు వేళ్లు దూర్చి, నొప్పికి పళ్లు బిగబట్టి గుంజింది. చర్రున చీరుకుంది. విడిన చోట ఏముందో చూసుకుందామని గోపమ్మను అద్దం అడిగింది. పాయ ముందుకు తెచ్చుకొని విప్పి చూసింది. లోపల గొర్రెబొచ్చు, నల్లగా, వెంట్రుకతో కలిసిపోయి ఉంది. వడికేటప్పుడు ఎగిరి పడింది కాబోలు. ఇందులో అమ్మది ఎంత, గొర్రెది ఎంత, తనది ఎంత అని చాలాసేపు చూసింది.

"గట్ల చీరుతవా?" అన్నది అత్త. "అమ్మ ఊకుంటదా?"

"నాకు గూడ అదే చూడాలని ఉన్నదత్తా."

ఐదు పాయలనూ తల చుట్టూ సర్ది, నడుమ చుట్టకుదురు పెట్టుకుంది. వంగి మూట ఒక కొస పట్టుకుంది.

"అంగడికి పొద్దు పోతాంది. జర చెయ్యి పట్టు, ఎత్తుకుంట."

అత్త చేతికి ఇంకా గంజి ఉంది. మూటకు అంటకుండా కొంగుకు తుడుచుకొని, రెండో కొస పట్టింది.