పన్నెండింటి బస్సు

వాల్దెమార్ కుడిచేత్తో బోల్టు విప్పుతున్నాడు. ఎడమ చంకలో వేన్నీళ్ల ఫ్లాస్కు ఉంది. మినాస్ ఊళ్లో నలభై ఒక్క ఏళ్లుగా కార్ల కరెంటు పని చేస్తున్నా, ఆ ఎడమచెయ్యి ఫ్లాస్కు మొయ్యడం తప్ప వేరే పని ఎరగదు. ఆస్పత్రిలో రక్తపోటు చూడ్డానికి కూడా నర్సు బతిమాలితేగాని దించలేదు.

పన్నెండింటికి రాజధాని మోంతెవిదేవోకి బస్సు. అక్కడి ఆస్పత్రిలో అతని గుండె కవాటం మారుస్తారు. మంచం ఈ ఒక్కరోజుకే ఖాళీ. నడవకూడదన్నారు. పక్కింటి ఒఫేలియా టీచరమ్మ, "టాక్సీ దేనికి, నా కారు లేదూ?" అంది. ఆ కారు సరిగ్గా అతని షెడ్డు ముందుకొచ్చి ఆగిపోయింది.

ఆవిడ రిటైరైన హెడ్మిస్ట్రెస్. కారు కొని పన్నెండేళ్లయినా సీట్ల మీద షోరూమ్ ప్లాస్టిక్ తియ్యలేదు. దానిమీద తను అల్లిన తొడుగు, తొడుగు మాయకుండా తువ్వాలు. ఇంజను కంటికి కనిపించదు కాబట్టి దానికి ఏ మర్యాదా జరగలేదు.

షెడ్డులోని బ్యాటరీ నుంచి తీగలు తగిలించాడు. ఇంజను అందుకుంది. తీగలు తీశాడు. అర నిమిషం దగ్గి ఆగిపోయింది.

"బ్యాటరీయే అంటాడు మా మరిది. ఏడాదిలో ఇది మూడోది."

"ఏం చేస్తారాయన?"

"పళ్ల డాక్టరు."

"అదీ సంగతి. పీకి కొత్తది పెడతాడు. బ్యాటరీ నిక్షేపంగా ఉంది టీచరమ్మా. నింపే దిక్కే లేదు. డైనమో పనిచెయ్యట్లేదు."

టీచరమ్మ మరిది గొప్పతనం మొదలుపెట్టింది. చేతిలో మాతే బుర్ర అలాగే ఉంది, ఆకు మీద వేన్నీళ్లు పోసి గొట్టంతో పీల్చే సొరబుర్ర. బుర్ర ఒకటే, గొట్టం ఒకటే. తాగినవాళ్లు తిరిగిస్తేనే రెండోవాళ్లకి పొయ్యడం.

"అది మైకు కాదు టీచరమ్మా. ఇటివ్వండి."

ముప్పయ్యేళ్లు స్కూల్లో మైకు వదలని మనిషి బుర్ర వదిలింది.

డైనమో విప్పితే లోపల కార్బన్ ముక్కలు అరిగిపోయి కొసలే మిగిలాయి. రేకు డబ్బాలో వేరే కారువి దొరికాయి, కాస్త లావు. ఆకురాయితో అరగదీస్తూ మధ్యలో రెండుసార్లు ఆగి, గుండె మీద అరచెయ్యి ఆనించుకున్నాడు.

"టాక్సీ పిలుస్తా ఉండు. నీ మొహం చూడు, సున్నం కొట్టినట్టుంది."

"పదకొండేగా అయింది. ఇలా వదిలేసి పోతే రేపు నాలుగోది కొనిపిస్తాడు ఆ పళ్లాయన."

పదకొండుంపావుకి బిగించాడు. తీగలు తగిలించి, స్టార్టు చేయించి, తీసేశాడు. ఒక నిమిషం. రెండు. మీటరు పద్నాలుగు వోల్టుల దగ్గర నిలబడింది.

"ఆపకండి. నిండనివ్వండి," అన్నాడు.

టీచరమ్మ తువ్వాలు తీసింది. తొడుగూ తీసింది. "కూర్చో."

"గ్రీజు, టీచరమ్మా."

"కూర్చోమన్నానా."

కూర్చున్నాడు. ఆవిడ అతని చంకలోని ఫ్లాస్కు అందుకుంటే వెంటనే వదిలేశాడు. ఆవిడ అప్పుడే గమనించాల్సింది. మాతే పోసి అతని చేతికిచ్చి, షెడ్డు తాళం వేసి, అతని బట్టల సంచి తెచ్చి డిక్కీలో పెట్టింది. మరిది మీద మనసు విరిగింది కాబట్టి ఆ కథంతా చెబుతూనే వచ్చి స్టీరింగు ముందు కూర్చుంది. బస్సుకి ఇంకా అరగంట ఉంది. తనకీ ఒక గుక్క పోసుకుందామని చెయ్యి చాపింది.

"వాల్దెమార్, అది మైకు కాదు. ఇటివ్వు."

అతని తల కిటికీ అద్దానికి ఒరిగి ఉంది, కళ్లు తెరిచే ఉన్నాయి.

ఇంజను ఆగలేదు. ఒళ్లో, జన్మలో మొదటిసారి కలిసిన రెండు చేతుల మధ్య బుర్ర నిండుగా ఉంది. ఇంజను అదురుకి దానిమీది పచ్చటి నురగ సన్నగా వణుకుతోంది.