మీరా అనే మాట

“ట్రంక్స్.”

ఆ పొద్దున విద్యావతి ఈ మాట అనడం అప్పటికి నలభయ్యోసారో, యాభయ్యోసారో. హెడ్‌సెట్ పట్టీ పంతొమ్మిదేళ్లుగా తల మీద ఒకేచోట ఒత్తడం వల్ల పాపిటకు అడ్డంగా జుట్టు పలచబడింది. బోర్డు మీద చిన్న దీపం వెలగగానే ఎడమచెయ్యి తీగ అందుకుని దాని కింది రంధ్రంలో గుచ్చుతుంది. కుడిచెయ్యి చీటీ మీద ఊరూ నంబరూ రాస్తుంది. రెండు చేతులకీ ఆమెతో పని లేదు. పని అంతా చెవిదే.

ఊళ్ల మధ్య ట్రంక్ కాల్స్ కలిపే ఆ ఎక్స్ఛేంజిలో ఆ చెవికి పేరుంది. వానకు లైను గరగరలాడినా, అవతలి మనిషి నోట్లో పాన్ పెట్టుకుని మాట్లాడినా, ఆమె రెండోసారి అడగదు. సూపర్‌వైజర్ కోదండరామయ్య కొత్త అమ్మాయిలకు ఆమెనే చూపిస్తాడు. “విద్యావతమ్మ విన్నదంటే విన్నట్టే.”

అందుకే ఆమెకు సందేహం లేదు. తాను విన్నది “మీరా” అనే పేరే.

విని ఎనిమిది రోజులైంది. ఇల్లు నాంపల్లి స్టేషన్ వెనక సందులో, కిరాయికి రెండు గదులు. ఉండేది ఇద్దరే, ఆమే భర్త వామన్‌రావూ. తెల్లవారుజామున పాలు కాస్తూ కిటికీలోంచి చూస్తే, ఆయన పెరట్లో నల్లా దగ్గర భుజం మీద తువ్వాలుతో గోడవైపు తిరిగి నిలబడి ఉన్నాడు. “మీరా” అన్నాడు. కాసేపాగి మళ్లీ అన్నాడు, ఈసారి మెత్తగా.

“ఎవర్ని పిలుస్తున్నరు పొద్దుగాలనే?”

ఆయన ఉలిక్కిపడ్డాడు. “ఎవర్ని లేదు. గొంతు సవరించుకుంటున్న.”

పటాలు గీసే దఫ్తర్‌లో డ్రాఫ్ట్స్‌మన్ ఆయన. ఇరవై ఆరేళ్ల కాపురంలో గీత తప్పిన మనిషి కాదు. అబద్ధం చెప్పడం కూడా చేతకాలేదు, చెవులు ఎర్రబడ్డాయి. ఆ రోజు నుంచి ఆమె చూడటం మొదలుపెట్టింది. ఇంటికి ఎప్పుడూ రాని కాగితాలు దఫ్తర్ అడ్రసుకు వస్తున్నాయని తెలిసింది. జూన్‌లో మద్రాసు పోవాలన్నాడు, దఫ్తర్ పనట. పటాలు గీసేవాడికి మద్రాసులో ఏం పని? నిన్న అంగీ ఉతకబోతే జేబులో చీటీ దొరికింది. పటం మీద ఊరి పేర్లు రాసినట్టు పొందికైన అంకెలు. అది మద్రాసు నంబరు.

ఆమె ఏమీ అడగలేదు. సాయంత్రం ఆయన తలుపు కొడితే ఎప్పటిలా లోపలి నుంచి పలకరించడం మాత్రం మానేసింది. వచ్చి గొళ్లెం తీసి, వంటింట్లోకి వెళ్లిపోయేది. ఆయన గడప అవతల ఒక్క క్షణం ఆగి, తర్వాత లోపలికి వచ్చేవాడు.

ఇవాళ ఆ చీటీ ఆమె జాకెట్లో ఉంది. కుర్చీ కింద సంచిలో రెండు చీరలు ఉన్నాయి. ఆ నంబరులో ఆ పేరుగల మనిషి పలికితే, డ్యూటీ దిగి ఇంటికి పోదు. గౌలిగూడలో అన్నయ్య ఇంటికి పోతుంది.

పదకొండింటికి కాల్స్ పలచబడ్డాయి. పక్క బోర్డు పద్మకు చీటీ అందించింది.

“మద్రాస్. పి.పి. నా పేరు మీద రాయి.”

పి.పి. అంటే ఫలానా మనిషితోనే మాట. ఆ మనిషి వస్తేనే కాల్, రాకపోతే లేదు.

“మద్రాస్‌ల ఎవరున్నరక్కా నీకు? బావగారేమన్న సినిమా తీస్తున్నడా ఏంది?”

“నవ్వులాటకు టైం కాదు పద్మా. మనిషి పేరు మీరా.”

పద్మ ఆమె ముఖం చూసి తీగ గుచ్చి, లైను ఆమె చెవికి కలిపింది. మద్రాసు పలికింది, ఎక్కడో గంట మోగింది, ఒక మగ గొంతు ఇంగ్లీషులో జవాబిచ్చింది. ఆ పేరుతో ఇక్కడెవరూ లేరు, ఇది విదేశీ పరీక్షల ఆఫీసు, అని.

విద్యావతి లైను వదలకుండా తానే అడిగింది, హైదరాబాదు వామన్‌రావు మీకు తెలుసా అని.

తెలియకేం, అన్నాడతను. స్పానిష్ అభ్యర్థి. లండన్ వాళ్ల అడ్వాన్స్‌డ్ లెవెల్. ఈ ఏడాది ఆ భాషకు ఆయనొక్కడే. రాతపరీక్షతోపాటు మాట్లాడే పరీక్ష కూడా ఉంది, బాగా అభ్యాసం చేయమనండి. ఇంతకీ మీరెవరు?

ఆమె లైను తీసేసింది.

“ఎవరక్కా?” అంది పద్మ.

“పరీక్ష రాస్తడట. స్పానిషు. పెద్దబడి పిల్లలు రాసేది.”

“ఈ వయసులనా? అయ్యో, మంచిగనే ఉన్నది కదా!”

మంచిగానే ఉంది. అయినా అనుమానం ముల్లు పూర్తిగా రాలేదు. చదువే అయితే దాచడమెందుకు? చదువుకు మెత్తటి గొంతు ఎందుకు? బోర్డు మీద దీపాలు వెలుగుతున్నాయి. ఆమె గుచ్చుతూ, రాస్తూ, వెనక్కి పోయింది. కాపురానికొచ్చిన కొత్తలో ఆయన ఇంటర్మీడియెట్ రెండోసారి తప్పాడు. అన్నయ్య ఫలితాల పేపరు తిరగేసి చూసి, “మా బావ నంబర్ చెదలు తిన్నట్టున్నది” అన్నాడు. తలుపు వెనక ఉన్న పదిహేడేళ్ల విద్యావతి కిసుక్కున నవ్వింది. ఆయన ఇటు తిరగలేదు. ఆ తర్వాత ఏ పరీక్ష మాటా ఇంట్లో ఎత్తలేదు.

నవ్వు ఆయనకు వినబడిందా? ఇన్నేళ్లలో ఎప్పుడూ ఆ ప్రశ్న వేసుకోలేదు.

సాయంత్రం అడగాలి, అనుకుంది. మీరా ఎవరో కూడా అడగాలి. కాలితో సంచిని కుర్చీ కిందికి ఇంకొంచెం నెట్టింది.

ఒంటిగంట దాటాక కోదండరామయ్య బల్ల మీది ఫోను మోగింది. ఆయన విని, లేచి నిలబడి, ఆమె దగ్గరికి నడిచి వచ్చాడు. ఎప్పుడూ కూర్చున్న చోటు నుంచే కేకేసే మనిషి.

“నీకే అమ్మా.”

భర్త దఫ్తర్‌లో పక్క టేబులు బాలకిషన్ గొంతు. “వదినా, జర దవాఖానకు రావాలె. పటం మీద వంగి గీస్తున్నడు. గట్లనే తల ఆనిచ్చిండు. నిద్ర పోయిండనుకున్నం.”

లైను శుభ్రంగా ఉంది. గరగర లేదు. అయినా ఆమె అడిగింది.

“ఏమన్నరు? మళ్ల చెప్పుండ్రి.”

బాలకిషన్ ఏడుపు వినబడింది.

ఆయన పోయిన పదకొండో రోజు సాయంత్రం బాలకిషన్ ఇంటికి వచ్చాడు. ఆమె వెళ్లి గొళ్లెం తీసింది. అతను కూర్చోకుండానే నల్ల అట్ట నోటుపుస్తకం అందించాడు.

“సొరుగుల ఉండె వదినా. బడిపిల్లల అట్లాసుకు పటం గీస్తుంటే మొదలైంది. ఆ దేశాల ఊర్ల పేర్లు రాసి రాసి, వీటికి అర్థమేందో తెల్వాలె అన్నడు. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకం కొన్నడు. నాలుగేండ్లయింది. పెద్ద పెద్ద కథలు సుత చదువుతుండె.”

“నాతోని ఎందుకు చెప్పలే?”

అతను చెప్పులవైపు చూశాడు. “పాసైనంక చెప్త అన్నడు. తప్పితే మళ్ల నవ్వుతరని.”

అతను వెళ్లాక ఆమె దీపం దగ్గర కూర్చుని పుస్తకం తెరిచింది. చివరి పుటల్లో తెలియని భాషలో వ్యాసాలు, అంచున ఎవరో ఎర్రసిరాతో దిద్దిన గుర్తులు. మొదటి పుటల్లో ఒక్కొక్క మాట, పక్కన తెలుగులో అర్థం, గుర్తుంచుకోవడానికి ఆయన పెట్టుకున్న ఉపాయం.

కమీసా: అంగీ. మన ఖమీజు.

నారాన్‌హా: నారింజ. వేరే చెప్పనక్కర్లేదు.

మీరా: చూడు. సాయంత్రం తలుపు కొడితే విద్య లోపలి నుంచి అడిగే మాట.

ఆమె ఆ వరుసను వేలితో తాకింది. ఇరవై ఆరేళ్లు ప్రతి సాయంత్రం అడిగిన మాట. “మీరా?” అంటే, “ఔ, నేనే” అనేవాడు.

దాని కింద తర్వాతెప్పుడో రాసినట్టు సన్నని అక్షరాలు ఉన్నాయి: ఈ మధ్య అడగడం లేదు.

పుటల మధ్య ఆయన పెట్టిన పెన్సిల్ అలాగే ఉంది, ఆ పొద్దున చెక్కిన మొన ఇంకా అరగలేదు.