మూడో పంపు కింద బోల్టు

ముందే ఒక విషయం ఒప్పేసుకుంటాను. నేను ఒక సినిమాని చంపాను. మూడు గంటల్లోపే మళ్లీ బతికించిన మాట నిజమే గానీ, చంపిన మాట కూడా అంతే నిజం. అదీ ఒకే ఒక్క బటన్ నొక్కి, లోకానికి ఉపకారం చేస్తున్నానన్న ధీమాతో.

మా నగరంలో ఏటా పది రోజులు సమకాలీన కళల ఉత్సవం జరుగుతుంది. ఖాళీ గోడౌన్లు, పాత కాలేజీ గదులు, మూతపడ్డ ఒక బ్యాంకు... ఎక్కడ తెల్లగోడ దొరికితే అక్కడ ఏదో ఒకటి ఆడుతూ ఉంటుంది. కళాకారులు తీసిన సినిమాలు వేయడం, అయ్యాక వాళ్లు మాట్లాడుతుంటే మైకులు చూసుకోవడం నా పని. చదివింది ఎలక్ట్రానిక్స్. కళ గురించి తెలిసింది సున్నా. ఒకామె మంచుగడ్డ కరగడాన్ని గంటసేపు తీస్తే, ఫైలు ఇరుక్కుపోయిందనుకుని ప్లేయర్‌ని రెండుసార్లు రీస్టార్ట్ చేసిన ఘనత నాది.

మా హాలు ఒకప్పటి డ్రాయింగ్ క్లాసు. చెక్క నేల, ఎత్తైన కిటికీలు. హాలు బాధ్యతంతా ఒక పెద్దమనిషిది. ఎవరు కాస్త గుసగుసలాడినా వేలు పెదవుల మీద పెట్టి "ష్" అంటాడు కాబట్టి మేమంతా ఆయన్ని ష్ సార్ అంటాం. వెనకాలే లెండి.

ఆ రోజు పదకొండింటికి వేయాల్సిన సినిమా ఇరవైరెండు నిమిషాలు. నగరానికి నీళ్లు తోడే పంప్‌హౌస్ ఒకటి, అందులో వరసగా నాలుగు పెద్ద పంపులు. మనిషి లేడు, మాట లేదు, కెమెరా కదలదు. తీసినామెకి నలభై ఉంటాయేమో, నేను అక్కా అని పిలిచేదాన్ని. ముందు రోజే వచ్చి, తెరకి ఎదురుగా తను తెచ్చుకున్న పొడుగాటి చెక్క బెంచీ వేసి, దాని కింద ఒక పెద్ద స్పీకర్ పెట్టె బిగించి, నా చేతిలో రెండు పేజీల కాగితం పెట్టి వెళ్లింది. బెంచీ కూడా కళేనేమో అనుకుని నేనేం అడగలేదు.

ఆ కాగితం చదవలేదు. మేం చదవం. కొత్త వాషింగ్ మెషీన్ వచ్చినా ముందు బటన్లన్నీ నొక్కేసి, పాడయ్యాక పుస్తకం వెతికే జాతి మాది.

పొద్దున తొమ్మిదింటికి టెస్టు వేశాను. పంపులు మొదలయ్యాయో లేదో కిటికీ అద్దాలు టకటకలాడాయి. ష్ సార్ పరుగున వచ్చాడు.

"ఏమ్మా, హాలు కూల్చే ప్రోగ్రామేమైనా పెట్టుకున్నావా ఇవాళ?"

"లేదు సార్, కింద గుర్రుమని ఏదో రొద వస్తోంది. కరెంటుదై ఉంటుంది."

"పక్క గదిలో ఉపన్యాసం ఉంది. ఈ గుర్రు వాళ్ల చెవిన పడితే నా తోలు తీస్తారు. దాని సంగతేదో చూడు."

సౌండ్ మిక్సర్ మీద చిన్న బటన్ ఒకటి ఉంటుంది. నొక్కితే ఎనభై హెర్ట్జ్ కంటే కిందున్న శబ్దమంతా పోతుంది. ఫ్యాన్ల రొద, అడుగుల చప్పుడు, రోడ్డు మీద లారీల మోత, అన్నీ ఉండేది ఆ కిందే. మా లెక్కలో అది చెత్త. నొక్కాను. అద్దాలు నోరు మూసుకున్నాయి. మిగిలింది సన్నని నీళ్ల చప్పుడు, ఎక్కడో ఒక పిట్ట కూత. అద్దం తుడిచినంత శుభ్రంగా ఉంది. ష్ సార్ మెచ్చుకున్నాడు కూడా. ఆయన మెచ్చుకోవడమంటే తల ఒక అంగుళం కిందికి దించడం.

పదకొండింటికి ముప్పై మంది దాకా వచ్చారు. అక్క ఒక పెద్దాయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి బెంచీ మధ్యలో కూర్చోబెట్టింది. డెబ్బై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, సుత్తి తలకాయంత పిడికిళ్లు.

"మా నాన్న," అంది నాతో. "చెవులు వినబడవు. నోరు చూసి మాట పట్టుకుంటారు. రెండింటికి మా బస్సు, అందుకని ఆయన చూసేది ఈ ఒక్క షోనే."

అని చెప్పి తను బయటికి వెళ్లిపోయింది. తన సినిమా ఆడుతుంటే లోపల కూర్చోవడం తన వల్ల కాదట.

పెద్దాయన రెండు అరచేతులూ బెంచీ మీద బోర్లా పెట్టాడు. ఇరవైరెండు నిమిషాలూ తియ్యలేదు. మధ్యలో ఒకసారి చేతులు కొంచెం పక్కకి జరిపి చూశాడు. ఒకసారి వంగి బెంచీ కిందికి తొంగిచూశాడు. ఏదో పోగొట్టుకున్నాడేమో అనుకున్నాను.

లైట్లు వేశాక అక్క వచ్చి ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఎలా ఉంది నాన్నా?"

"బాగుంది తల్లీ. రంగులు బాగా వచ్చాయి."

"ఇంకా?"

"పంపులకి దుమ్ము పట్టనిచ్చారు. మేమైతే రోజూ తుడిచేవాళ్లం."

ఆమె మొహం చూశాను. ఫలితాల పట్టీలో తన నంబరు కోసం రెండోసారి వెతుక్కుంటున్న పిల్లలా ఉంది.

తర్వాత మాటల కార్యక్రమం. సినిమా గురించి చెప్పమని ఎవరో అడిగారు. అక్క మైకు తీసుకుని నెమ్మదిగా చెప్పింది.

"ఆ పంప్‌హౌస్‌లో మా నాన్న ముప్పైయొక్కేళ్లు మెకానిక్. ఆ మోతకే చెవులు పోయాయి. పోయాక కూడా పదేళ్లు పనిచేశారు. పంపు మీద చెయ్యి ఆనించి దానికేం రోగమో చెప్పేవారు. రెండేళ్ల కిందట ఆ పంపులు తీసేస్తున్నారని తెలిసి, తీసెయ్యడానికి వారం ముందు వెళ్లి తీశాను. నాలుగింటికీ నాలుగు మైకులు అతికించాను. ఆ అదురు బెంచీలోంచి చేతుల్లోకి వెళ్తే, ఇంకొక్కసారి ఆయన ఆ గదిలో ఉన్నట్టు ఉంటుందనుకున్నాను. నేను పదిహేను సినిమాలు తీశాను, ఆయన ఒక్కటీ వినలేదు. ఇది ఆయన కోసమే తీసింది."

తండ్రి చేతుల వైపు చూసింది.

"పనిచెయ్యలేదు. చేతులకి కూడా వయసు మీద పడుతుందేమో. అది నేను ఆలోచించలేదు."

పెద్దాయన తెర వైపు చూస్తున్నాడు. కూతురి నోరు ఆయనకి కనబడలేదు. అదొక్కటే అదృష్టం.

అప్పుడు వెలిగింది నాకు. ఆ పంపులు తిరిగేది సెకనుకి పాతిక చుట్లు, అంటే పాతిక హెర్ట్జ్. నేను చెత్త అని ఊడ్చేసిన చోటే ఆమె సినిమా అంతా ఉంది. వైర్ల కింద పడున్న కాగితం లాగి చూశాను. మొదటి వాక్యం, కింద రెండు గీతలు: 'కింది శబ్దం ఎట్టి పరిస్థితుల్లోనూ తగ్గించవద్దు. సినిమా అదే.'

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. నాలుగింటి షోకి బటన్ తీసేస్తే సరిపోతుంది. అప్పటికి పెద్దాయన బస్సులో ఉంటాడు. ఆయన చేతులు పనికిరాకుండా పోయాయని కూతురు నమ్ముతూ పక్క సీట్లో కూర్చుని ఉంటుంది.

డెస్కు మీదున్న మైకు ఆన్ చేశాను.

"అక్కా, మీ సినిమా ఇంకా ఎవరూ చూడలేదు."

హాలంతా వెనక్కి తిరిగింది. ష్ సార్ "ష్" అన్నాడు.

"ఒక్క నిమిషం సార్. అక్కా, బెంచీ అసలు అదరలేదు. ఆయన చేతులకేం కాలేదు. అదిరే భాగాన్ని నేనే తీసేశాను. మీ కాగితం చదవలేదు. ఇప్పుడే మళ్లీ వేస్తాను, బస్సు కూడా అందుతుంది."

ఆమె తిట్టినా బాగుండేది. నా వైపు అలా చూసి, చూసి, "వెయ్యి," అంది.

"అద్దాలో?" అన్నాడు ష్ సార్.

"ఎవరో ఒకరు పట్టుకోవాలి సార్."

"నీ చేతికి మైకు ఇచ్చినవాణ్ణి అనాలి," అని గొణుక్కుంటూ పోయి, పెద్ద కిటికీకి రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు.

బటన్ వదిలాను.

మొదట వినబడలేదు. నేలలోంచి చెప్పుల్లోకి ఎక్కింది. తర్వాత మోకాళ్లు, తర్వాత పక్కటెముకలు. నాలుగు పంపుల వేగంలో ఇసుమంత తేడా ఉన్నట్టుంది, అందుకని ఆ అదురు పొంగుతూ, తగ్గుతూ, మళ్లీ పొంగుతూ, భూమి కింద ఏదో పెద్ద ప్రాణి పడుకుని ఊపిరి పీలుస్తున్నట్టుంది. అలా ఎందుకవుతుందో నాకు తెలుసు. ఆ లెక్క పరీక్షలో రాశాను, పదికి తొమ్మిది వచ్చాయి. దాని లోపల నిలబడటం మాత్రం అదే మొదలు.

మొదటి అదురుకే పెద్దాయన వీపు నిటారైంది. కళ్లు మూసుకున్నాడు. అక్క ఈసారి బయటికి వెళ్లలేదు, ఆయన పక్కన కూర్చుంది. వెనక వరసల్లోంచి ఒక్కొక్కరే లేచి వచ్చి, ఎవరూ చెప్పకుండానే, బెంచీ అంచుల మీద, చెక్క నేల మీద అరచేతులు పెట్టారు.

నాలుగో నిమిషంలో పెద్దాయన కనుబొమలు ముడిపడ్డాయి.

"మూడోది," అన్నాడు. తన గొంతు తనకి వినబడదు కాబట్టి హాలు మొత్తానికీ వినబడింది.

అక్క ఆయనకి ఎదురుగా తిరిగింది. "ఏంటి నాన్నా?"

"మూడోదాని కింద బోల్టు వదులైంది. వెనకవైపు, కుడిది. డ్యూటీలో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు నాన్నా. ఆ పంపులే లేవిప్పుడు, తీసేశారు."

"తీసేసేది తర్వాత సంగతి. తిరుగుతున్నన్నాళ్లు బిగించొద్దా?"

జనం నవ్వారు. అక్క నవ్వలేదు. ఆయన చెయ్యి పక్కనే తన చెయ్యి పెట్టి, "ఏదీ, నాకు చూపించు," అంది.

"పొంగేటప్పుడు కాదు, తగ్గేటప్పుడు చూడు. మిగతావి ఒకటే కొడతాయి, ఇది రెండు కొడుతుంది."

"నాకు దొరకట్లేదు నాన్నా."

"తొందరపడకు. నాకు ఆరేళ్లు పట్టింది."

నేను లాప్‌టాప్‌లో ఆ నాలుగు మైకుల శబ్దాలనీ విడివిడిగా తెరిచి చూశాను. ఒకటి, రెండు, నాలుగు: నున్నటి అలలు. మూడోదాంట్లో ప్రతి అల వీపు మీదా ఇంకో బుల్లి అల. నాలుగూ కలగలిసిన మోతలోంచి, స్పీకర్ పెట్టెలోంచి, రెండంగుళాల చెక్కలోంచి, కళ్లు మూసుకుని దాన్ని పట్టుకున్నాడాయన. వెనకవైపు, కుడిది అన్న సంగతి నా గ్రాఫులో ఏ మూలా లేదు. ఆ శబ్దంతో రెండేళ్లు కాపురం చేసిన అక్కకీ తెలియదు.

సినిమా అయ్యాక చాలాసేపు ఎవరూ చేతులు తియ్యలేదు. ష్ సార్ కూడా కిటికీ దగ్గరే ఉండిపోయాడు, తన అరచేతుల వైపు చూసుకుంటూ.

"బస్సు టైమవుతోంది నాన్నా," అంది అక్క.

"బస్సులు రోజూ ఉంటాయి. నీ చేతికి దొరికాకే కదిలేది," అన్నాడాయన.

నాలుగింటి షోలో మళ్లీ ఇద్దరూ అదే బెంచీ మీద కూర్చున్నారు. పదిహేడో నిమిషంలో అక్క చిన్నగా "ఆఁ" అంది. ఆయనకి వినబడలేదు. కానీ ఆమె వేళ్ల వైపు చూసి, తల ఊపాడు.

ఆ ఉత్సవం అయ్యేదాకా నేను రోజూ హాలు తెరవగానే ఆ బెంచీ మీద కూర్చుని ప్రయత్నించాను. నాకు దొరకలేదు. మీ ఇంట్లో చేత్తోనో, ముక్కుతోనో, పాదంతోనో ఏ మీటరూ చెప్పని సంగతి చెప్పేవాళ్లు ఎవరున్నారు? మీ అమ్మమ్మా, బాబాయా, మీరేనా? ఏం కనిపెట్టారు, అది ఎవరు నేర్పారు? కింద రాయండి. నాకు నిజంగానే తెలుసుకోవాలనుంది.