సుమశ్రీకి ఎన్ని జీబీలు

జేబులో పట్టే డబ్బా ఒకటి కొనడానికి కోచింగ్ తీసుకున్న మనిషి భూమ్మీద మా ఆయన ఒక్కరే అనుకునేదాన్ని. కాదట. ఆ క్లాసులో కుర్చీలు చాలక కొందరు కిటికీ గట్టు మీద కూర్చునేవారట. అమీర్‌పేటలో బోర్డు పెట్టాలే గానీ నిద్రపోవడం ఎలాగో నేర్పుతామన్నా జనం వచ్చి చేరతారు.

అసలు సంగతి మా చెల్లెలి ఫోను. సుమశ్రీ చదువుకోవడానికని తణుకు నుంచి వచ్చి మధురానగర్‌లో మా ఇంట్లో దిగింది. ఉద్యోగం వచ్చాక కూడా కదల్లేదు. మాకు పిల్లల్లేరు. బావా బావా అంటూ ఆయన్ని ఆడించి, నాతో రోజూ పోట్లాడి, కనపడ్డ ప్రతిదాన్నీ ఫోటో తీసి, పోయిన వానాకాలం జ్వరమని ఆస్పత్రిలో చేరి ఇంక ఇంటికి రాలేదు. దాని ఫోను మాత్రం వచ్చింది.

ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి. "నా మొహం ఎవడో కంపెనీవాడి దగ్గరెందుకే అక్కా" అని ఇంకెక్కడా దాచేది కాదు. ఏడాది తిరిగేసరికి ఆ ఫోను బ్యాటరీ పూరీలా పొంగి, వెనక అట్ట లేచిపోయింది. రిపేరు షాపతను చూసి, విప్పితే మొత్తానికే పోవచ్చు, ముందు ఫోటోలు వేరేదాంట్లోకి ఎక్కించుకోండి అన్నాడు.

ఇద్దరం పంజాగుట్టలో ఒక పెద్ద షాపుకి వెళ్లాం. "హార్డ్ డిస్కా, ఎస్ఎస్‌డీయా?" అని అడిగాడు సేల్స్‌మన్. మా ఆయన నా వైపు చూశారు. నేను షాపు అద్దాల్లోంచి ఫ్లైఓవర్ వైపు చూశాను.

"తేడా ఏంటి బాబూ?" అన్నారు ఆయన.

"ఒకదాంట్ల చక్రం తిరుగుతది సార్, కింద పడితే ఖతం. ఇంకోదాంట్ల చక్రం లేదు, జర రేటెక్కువ."

"పోనిది ఇవ్వవయ్యా."

"పోనిది అంటూ ఏదుండదు సార్. ఏదైనా ఎప్పుడో ఒకప్పుడు పోతది."

అతను నిజమే చెప్పాడు. కానీ ఆ నిజం మా ఆయనకి అక్కర్లేదు. ఏమీ కొనకుండా బయటికి వచ్చేశారు. అమీర్‌పేటలో మెట్రో మెట్లు దిగుతుంటే ఎవరో చేతిలో ఒక కాగితం పెట్టారు. 'హార్డ్ డిస్క్ సెలెక్షన్. జీరో నుంచి అడ్వాన్స్‌డ్ దాకా. రియల్‌టైం ఫ్యాకల్టీ. డెమో ఉచితం.' ఆయన ఆ కాగితాన్ని ప్రసాదంలా కళ్లకద్దుకుంటారేమోనని భయపడ్డాను.

డెమోకి నన్నూ లాక్కెళ్లారు. పాఠం చెప్పే ఆయన పేరు విజయేందర్.

"బేసిక్స్ లేకుంట డైరెక్టుగ పోయి డిస్కు కొన్నోళ్లు మస్తుమంది బర్బాదైండ్రు" అన్నాడు మైకులో. "అంకుల్, మీరేం ఫికర్ చెయ్యకుండ్రి. గీ కోర్సు అయినంక మీరు షాపుల అడుగు పెడితే షాపోడే వణుకుతడు."

వెనక నుంచి ఎవరో ప్లేస్‌మెంట్ ఉందా అని అడిగారు. ఉంటదన్నాడు. ఎక్కడో చెప్పలేదు.

మా ఆయన చేరిపోయారు. రిటైరైన మనిషి, పొద్దున్నే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, బ్యాగు తగిలించుకుని బయల్దేరేవారు. మొదట్లో, పూర్వం రాతలు దాచుకున్న తాటాకుల గురించి చెప్పారట.

"తాటాకుకి కరెంటే అక్కర్లేదట కుసుమా. వందల ఏళ్లు ఉంటుందట."

"అయితే సుమశ్రీని తాటాకు మీద ఎక్కిస్తారా?"

ఆయన కాసేపు ఆలోచించారు కూడా.

తర్వాత లైవ్ ప్రాజెక్టు వచ్చింది. ప్రాజెక్టుకి నిజం మనుషుల డేటా కావాలన్నారట. మా మహానుభావుడు చెల్లెలి ఫోను పట్టుకెళ్లి ఫోటోలన్నీ ఇన్‌స్టిట్యూట్ కంప్యూటర్లోకి ఎక్కించి వచ్చారు.

"కంప్యూటర్లోకి ఎక్కినవి ఒక డిస్కులోకి ఎక్కించలేరా? అక్కడితో అయిపోతుంది కదండీ!" అన్నాను.

"అది మాడ్యూల్ ఐదు. మేమింకా రెండులో ఉన్నాం."

ఆ మాటకి చేతిలో చపాతీ కర్ర ఉంది గనక దాన్ని కింద పెట్టి మరీ తిట్టాను.

అక్కణ్నుంచి నాకు వీధిలో తిరగడం కష్టమైపోయింది. కరివేపాకు కొంటుంటే ఎవరో అమ్మాయి వచ్చి, "నమస్తే ఆంటీ! పప్పు మాడిన ఫోటోల మీరు మస్తున్నరు" అంది. షేర్ ఆటోలో ఒకతను మా ఆయన గురక తగ్గిందా అని అడిగాడు. నోరు తెరుచుకుని నిద్రపోతున్న బావని మా చెల్లెలు రకరకాల కోణాల్లో తీసింది మరి. బ్యాచ్‌లో అందరూ ప్రాక్టీసు కోసమని మా సంసారాన్ని పెన్‌డ్రైవుల్లో పెట్టుకుని హాస్టళ్లకు తీసుకుపోయారు. మా ఇంట్లో ఏ డబ్బాలో ఏ పప్పుందో నాకంటే ముందు వాళ్లు చెప్పగలరు.

ఒకరోజు ఆయన ఇంటికి ఉత్సాహంగా వచ్చారు.

"ఇవాళ పదేళ్ల అంచనా వేశారు కుసుమా. సుమశ్రీ ఫోటోలు తీసే స్పీడు చూస్తే ముందు ముందు రెండు టీబీలు, అంటే రెండు వేల జీబీలు కావాల్సి వస్తుందట."

నేను స్టవ్ ఆర్పేశాను.

"మీరు చెప్పలేదా వాళ్లకి?"

"ఏం చెప్పాలి?"

"అది లేదని."

ఆయన నోట్సు తిరగేస్తూ, "వీడియోలు కూడా కలిపితే నాలుగు టీబీలు" అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. చెల్లెలు నాది. గుండెలు బాదుకుని ఏడ్చింది నేను. ఈయన మాత్రం ఆ రోజు నుంచి ఈ రోజు దాకా పోయింది అన్న మాట నోట రానివ్వలేదు. పరామర్శకి ఎవరు ఫోన్ చేసినా నా చేతికిచ్చి బాల్కనీలోకి పోయేవారు. ఒక్కదాన్నే ఎంతని మొయ్యను? ఇప్పుడు దానికి పదేళ్ల భవిష్యత్తు కూడా కట్టించుకుని వచ్చారు.

కోర్సు అయిపోయింది. మా ఆయన డిస్టింక్షన్‌లో పాసయ్యారు. సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించి తెచ్చి, గోడకి మేకు కొడుతుండగా, ఛార్జింగ్‌లో ఉన్న ఫోను టప్‌మంది. కాలిన వాసన. అంతే, ఇంక వెలగలేదు.

ఇద్దరం ఇన్‌స్టిట్యూట్‌కి పరుగెత్తాం. బోర్డు మారిపోయింది. అదే గదిలో అదే విజయేందర్ ఇప్పుడు ఏఐతో వాస్తు చెబుతున్నాడు.

"గా డేటానా? కొత్త బ్యాచ్ కోసమని సిస్టములన్ని సాఫ్ చేసినం అంకుల్" అన్నాడు. "మీరు బ్యాకప్ తీసుకోలేదా? మాడ్యూల్ ఐదుల గంత చెప్పిన కదా!"

మా ఆయన గుమ్మం ముందు మెట్ల మీదే కూలబడ్డారు. ఆయన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. భయం వేసింది. దాని ముఖం ఇంక నా మనసులో ఉన్నంతే మిగిలిందా అనిపించింది.

విజయేందర్‌కి జాలేసినట్టుంది. "గల్లీల ఐలయ్య జిరాక్స్ షాపుల అడుగుండ్రి. మెటీరియల్ అంత ఆయన తాన్నే దొరుకుతది" అన్నాడు.

ఐలయ్య షాపులో జావా నోట్సుకీ టెస్టింగ్ నోట్సుకీ మధ్య ఒక అట్టముక్క వేలాడుతోంది. 'సుమశ్రీ ఫోటోలు. ప్రాక్టీసుకు. ఒరిజినల్.'

"ఫుల్లు కావాల్నా, మసకవి తీసేసింది కావాల్నా?" అన్నాడు ఐలయ్య.

"ఫుల్లు!" అన్నాం ఇద్దరం ఒకేసారి.

అతను కంప్యూటర్లో తెరిచి చూపించాడు. నా చీరే కట్టుకుని, మా బాల్కనీలో నిలబడి, నాలుక బయటపెట్టి నవ్వుతోంది. ఒక్కటీ పోలేదు. పప్పు మాడిన రోజుతో సహా అన్నీ ఉన్నాయి. కౌంటరు పట్టుకుని అందరి ముందూ ఏడ్చేశాను.

"దేంట్ల ఎక్కియ్యాలె?" అన్నాడు ఐలయ్య.

అప్పుడు గుర్తొచ్చింది, ఇంత చదువు చదివి మేమింకా ఏ డబ్బా కొనలేదని. అతను సొరుగులోంచి రెండు తీసి కౌంటరు అద్దం మీద పెట్టాడు. ఒకటి చిన్న పెన్‌డ్రైవ్. ఇంకోటి రెండు టీబీల డిస్కు. మా ఆయన డిస్కుని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూస్తున్నారు.

"అంకుల్, మీరా!" అంటూ పక్కన రెజ్యూమెలు ప్రింటు తీయించుకుంటున్న అమ్మాయి దగ్గరికొచ్చింది. ఆయన బ్యాచ్‌లో చదివిన సుష్మిత. "గదే తీసుకోండ్రి. మన లెక్కల సుత రెండు టీబీలే కదా వచ్చింది. సుమశ్రీ అక్క ఫోటోలు మస్తు దించుతది. ఇప్పుడేం దించుతున్నది అంకుల్?"

జవాబు చెప్పడం నా వంతే కదా అని నేను నోరు తెరిచాను. ఆయన చెయ్యెత్తి నన్ను ఆపారు. డిస్కుని జాగ్రత్తగా ఐలయ్య ముందు పెట్టేసి, పెన్‌డ్రైవ్ తీసుకున్నారు.

"ఇది చాలమ్మా."

"నిండిపోతది అంకుల్!"

"నిండదు. మా సుమశ్రీ పోయిందమ్మా. ఇంక ఫోటోలు పెరగవు."

ఏడాదిగా ఆయన నోట ఆ మాట వినాలని పళ్లు నూరుకుంటూ కాచుకుని కూర్చున్నాను. విన్నాక, ఆ రెండు టీబీల లెక్కే ఇంకో పదేళ్లు నడిచినా బాగుండేదనిపించింది.